గోడ మీదుగా వచ్చే గుండు

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక పొరపాటు సర్దుకుందాం. బయట బోర్డు మీద "మోర్టార్ చరిత్ర" అని రాశారు. అది చూసి ఇద్దరు మేస్త్రీలు, ఒక కాంట్రాక్టరు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. వేయిస్తంభాల గుడి గురించి, డంగు సున్నం గురించి మాట్లాడతానని అనుకున్నారట. (నవ్వులు) లేచి వెళ్లబోతుంటే నేనే బతిమాలి కూర్చోబెట్టాను. ఎందుకంటే వాళ్ల గచ్చు మోర్టార్, నేను చెప్పబోయే ఫిరంగి మోర్టార్ ఒకే తల్లి పిల్లలు.

ఆ తల్లి మన వంటింటి రోలు. లాటిన్‌లో మోర్టారియం అంటే రోలు. సున్నం, ఇసుక వేసి కలిపే తొట్టిని కూడా వాళ్లు అదే పేరుతో పిలిచారు. తొట్టి పేరు మెల్లగా అందులో కలిపిన గచ్చుకు అంటుకుంది. తర్వాత యూరప్‌లో ఒక కురచ ఫిరంగి వచ్చింది. పొడుగు తక్కువ, నోరు వెడల్పు, ఆ నోరు కూడా ఆకాశం వైపు. చూసినవాడికి రోలే గుర్తొచ్చింది, ఆ పేరే పెట్టాడు. మన ఊళ్లో పుట్టి ఉంటే రోలు ఫిరంగి అనేవాళ్లం. "రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవనేల" అనే మాట కూడా దానికి బాగా అతికేది.

నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ప్రక్షేపకం పాఠం, అదే ప్రొజెక్టైల్ మోషన్, ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఇదిగో, ఈ పక్కన కూర్చున్న మా బావగారు ఇన్‌ఫాంట్రీలో మోర్టార్ ప్లాటూన్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను బోర్డు మీద గీసింది ఆయన నేల మీద పేల్చారు. నేను తప్పు చెప్తే ఆయన గొంతు సవరించుకుంటారు. మీరు గమనిస్తూ ఉండండి.

కథ మన కోట దగ్గరే మొదలుపెడతాను. మోర్టార్ ఇక్కడ పుట్టలేదు. కానీ మోర్టార్ ఎందుకు పుట్టాల్సి వచ్చిందో అర్థం కావాలంటే ఖిలా వరంగల్ కంటే మంచి చోటు నాకు దొరకలేదు.

గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన కోట అది. లోపల రాతికోట, దానికి 45 బురుజులు. దాని చుట్టూ అగడ్త. ఆ బయట మట్టికోట, దానికి మళ్లీ ఇంకో అగడ్త. 1310 జనవరిలో అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫర్ వచ్చి దీన్ని చుట్టుముట్టాడు. ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఆ ముట్టడి గురించి రాశాడు. అందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. రాతిగోడ గురించి కాదు, మట్టిగోడ గురించి. ఆ గోడ ఎంత గట్టిదంటే ఉక్కు ఈటె దిగదు, పెద్ద యంత్రంతో విసిరిన రాయి తగిలితే పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి వస్తుంది అన్నాడు. శత్రువు పక్షం కవి ఇచ్చిన సర్టిఫికెట్ ఇది. మనవాళ్లు రాసుకున్న పొగడ్త కాదు.

ఆ యంత్రాలను మంజనీక్, మగ్రిబీ, అర్రాదా అని పిలిచేవాళ్లు. ఫిరంగి కాదు, తుపాకీ మందు లేదు. బరువో, తాళ్లు లాగే మనుషుల బలమో ఒక పొడుగాటి దూలాన్ని గిర్రున తిప్పితే, దాని కొస నుంచి రాయి లేచి పైకి వెళ్లి కింద పడుతుంది. గోడను కొట్టడానికీ, గోడ దాటించి లోపల వేయడానికీ వాడేవాళ్లు. లోపలున్న మనవాళ్లు కూడా అలాంటివే బయటికి విసిరారు. చివరికి అగడ్త పూడ్చి, మట్టికోట ఎక్కి, రాతికోటను చుట్టుముట్టాక ప్రతాపరుద్రుడు సంధికి వచ్చాడు. ఆ సంధిలో ఏమేం పోయాయి, కోహినూర్ పోయిందా లేదా అనే గొడవ ఇవాళ వద్దు. దానికి ఇంకో ఆదివారం కావాలి.

నాకు కావలసింది ఒకటే. మెత్తని మట్టి గుండు దెబ్బను మింగేస్తుంది. దాన్ని ఎదురుగా ఎంత కొట్టినా లాభం లేదు. మరి లోపలివాణ్ణి ఎలా తాకాలి? పైనుంచి. మోర్టార్ అనే ఆలోచన మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. తర్వాత వచ్చిన ఏడు వందల ఏళ్లలో గోడ రూపం మారింది. ఒకప్పుడు కోటగోడ, ఒకప్పుడు కందకం, ఒకప్పుడు కొండ. ఆకాశం మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంది.

ఇక మందు వచ్చాక ఏమైందో చూద్దాం. 1453లో ఒట్టోమన్ సుల్తాన్ మెహ్మెద్ కాన్‌స్టాంటినోపుల్‌ను ముట్టడించాడు. పెద్ద పెద్ద ఫిరంగులు తెచ్చాడు, ఆ కథ చాలామందికి తెలుసు. కానీ ఓడరేవులో శత్రువుల నౌకలు దాక్కున్నాయి. మధ్యలో గలాటా అనే పట్టణం అడ్డం. అది జెనోవావాళ్లది, వాళ్లు ఈ యుద్ధంలో మేము ఎవరి పక్షమూ కాదన్నారు. ఊరిని కొట్టకూడదు, ఊరి వెనక ఉన్న నౌకను కొట్టాలి. అప్పుడు సుల్తాన్ గుండు ఊరి మీదుగా ఎగిరి వెళ్లి పడేలా ఒక ఫిరంగి పోత పోయించాడని ఆనాటి గ్రీకు చరిత్రకారుడు రాశాడు. ఒక నౌక మునిగింది కూడా. అది నిఖార్సైన మోర్టార్ ఆలోచన.

అదే శతాబ్దం చివర్లో రోడ్స్ దీవిలో ఉన్న క్రైస్తవ యోధులు వాడిన ఒక మోర్టార్ ఇప్పటికీ పారిస్‌లోని సైనిక మ్యూజియంలో ఉంది. కంచుది, మూడు టన్నులకు పైగా బరువు. 260 కిలోల గ్రానైట్ గుండు విసిరేది. అంటే రెండున్నర క్వింటాళ్ల పైమాటే. ధాన్యం బస్తాల్లో లెక్కేసుకోండి.

ఇక్కడ కాసేపు బోర్డు దగ్గరికి వెళ్తాను. భయపడకండి, పరీక్ష పెట్టను.

1537లో టార్టాగ్లియా అనే ఇటలీ లెక్కల పండితుడు ఒక మాట చెప్పాడు. ఫిరంగిని 45 డిగ్రీల వాలులో పెడితే గుండు అన్నిటికంటే దూరం పోతుందని. తర్వాత నూరేళ్లకు, 1638లో, గెలీలియో ఆ దారి పరావలయం అని, అంటే పారాబోలా అని, రుజువు చేశాడు. మోర్టార్‌కు ఇందులో పనికొచ్చే ముక్క వేరే ఉంది. ఒకే దూరానికి రెండు దారులుంటాయి.

సెకనుకు 200 మీటర్ల వేగంతో గుండును వదిలామనుకోండి. గాలి లేదనుకుందాం, లెక్క సులువవుతుంది. 45 డిగ్రీల దగ్గర నాలుగు కిలోమీటర్లు దాటి పడుతుంది. ఇప్పుడు 20 డిగ్రీలకు దించండి, సుమారు 2,600 మీటర్లు. సరే, ఈసారి దించకుండా పైకెత్తి 70 డిగ్రీలకు పెట్టండి. మళ్లీ అదే 2,600 మీటర్లు! పడిన చోటు ఒకటే, వెళ్లిన దారి వేరు. మొదటిది 240 మీటర్ల ఎత్తు దాటదు, ఏటవాలుగా వచ్చి గోడకు తగులుతుంది. రెండోది 1,800 మీటర్ల ఎత్తుకెక్కి, దాదాపు నిటారుగా గోడ అవతల దిగుతుంది. మామూలు ఫిరంగి ఎక్కువగా మొదటి దారిలో పోతుంది. మోర్టార్ ఎప్పుడూ రెండో దారిదే.

అందుకే మోర్టార్‌తో ఒక వింత ఉంది. గొట్టం ఎంత ఎత్తితే గుండు అంత దగ్గర పడుతుంది. 80 డిగ్రీలకు ఎత్తితే 1,400 మీటర్లకు కూడా చేరదు. కొత్తగా చేరిన కుర్రాడు దూరం పెంచమంటే గొట్టం పైకెత్తుతాడు. బావగారూ, మీరూ ఎత్తారా?

(బావగారు కూర్చునే: "మొదటి రోజే ఎత్తిన. ఉస్తాద్ గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు ఉరికించిండు." నవ్వులు)

నా క్లాసులో ఈ పాఠం అర్థం కాని పిల్లలకు నాలుగు రౌండ్ల సదుపాయం లేకపోయింది.

సరే, మళ్లీ కథలోకి. రాతి గుండు పైనుంచి పడితే ఇంటి కప్పు కూలుతుంది, అంతే. దాన్ని బోలుగా పోతపోసి లోపల మందు నింపితే? అదే బాంబు. దానికి ఒక చెక్క గొట్టం, అందులో నిదానంగా కాలే మందు. గొట్టం ఎంత పొడుగు కోస్తే అంతసేపటికి పేలుతుంది. మొదట్లో ఒక చేత్తో బాంబు వత్తికి నిప్పు పెట్టి, ఇంకో చేత్తో మోర్టార్‌కు నిప్పు పెట్టేవాళ్లు. మొదటిది అంటుకుని రెండోది అంటుకోకపోతే ఏమవుతుందో దీపావళి నాడు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫిరంగి మంటే వత్తిని అంటిస్తుందని తర్వాత తెలిసింది. ఆ ఒక్క సంగతితో ఎందరి చేతులు మిగిలాయో.

ఫిరంగులకు తట్టుకోవడానికి కోటలు కూడా ఆకారం మార్చుకున్నాయి. ఎత్తైన గోడలు పోయి, నక్షత్రం కొసల్లాంటి మూలలతో, మందంగా, కిందికి ఉండే కోటలు వచ్చాయి. ఇది చూడాలంటే ఫ్రాన్స్ పోనక్కర్లేదు, జగిత్యాల బస్సెక్కితే చాలు. 1747లో ఫ్రెంచి నిపుణుల సాయంతో కట్టిన నక్షత్రం ఆకారపు కోట అక్కడుంది. ఆ కోట మీద నిలబడి చూడండి. ఎదురుగా వచ్చే గుండుకు ఎక్కడా నిటారు గోడ దొరకదు. అలాంటి కోటలు కట్టడంలో ఫ్రాన్స్‌లో వోబాన్, హాలండ్‌లో మెన్నో వాన్ కూహోర్న్ దిట్టలు. కోట కట్టడం తెలిసినవాడికి దాన్ని ఎలా కొట్టాలో కూడా తెలుస్తుంది కదా. 1674లో గ్రావే ముట్టడిలో కూహోర్న్ ఒక బుల్లి మోర్టార్ బయటికి తీశాడు. నలుగురు మనుషులు ఎత్తుకుని కందకంలోకి తీసుకుపోగలరు. అంతకుముందు మోర్టార్ అంటే ఎడ్లు లాగాల్సిన కొండ. కూహోర్న్ దాన్ని మనిషి చేతికి తెచ్చాడు. ఆ బుల్లి మోర్టార్ రెండు వందల ఏళ్లు బతికింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధంలో కూడా వాడారు.

మన దక్కన్‌లో ఆ కాలంలో మోజంతా పొడుగు ఫిరంగుల మీదే. 1687లో ఔరంగజేబు గోల్కొండ మీదికి తెచ్చిన ఫత్ రహబర్ అనే ఫిరంగి ఇప్పటికీ పెట్ల బురుజు మీద ఉంది. ఎనిమిది నెలలు ముట్టడించాడు. కోట మాత్రం గుండుకు లొంగలేదు, లంచానికి లొంగింది. అబ్దుల్లా ఖాన్ పన్నీ తలుపు తీశాడు. గోడ దాటడానికి అదొక దారి, దానికి ఫిజిక్స్ అక్కర్లేదు. (నవ్వులు) తర్వాత నిజాం దగ్గర రేమండ్ అనే ఫ్రెంచి అధికారి హైదరాబాద్‌లో ఫిరంగుల పోతకు కార్ఖానా పెట్టించాడు. జనం తోప్ కా సాంచా అనేవాళ్లు. ఇప్పుడు ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని బస్సు కండక్టర్లు అరిచేది ఆ చోటే.

యూరప్‌లో మాత్రం కొందరికి పెద్దది చేసేకొద్దీ మంచిదనే పిచ్చి పట్టింది. రాబర్ట్ మాలెట్ అనే ఐర్లండ్ ఇంజనీరు క్రిమియా యుద్ధం కోసం నోరు 36 అంగుళాల వెడల్పుండే మోర్టార్ గీశాడు. బరువు 42 టన్నులు, ఒక్కో బాంబు టన్నుకు పైనే. అది తయారయ్యేసరికి యుద్ధం అయిపోయింది. పరీక్షల్లో మొత్తం 19 సార్లు పేల్చారు, ప్రతి పరీక్షా ఏదో ఒకటి విరిగో పగిలో ఆగింది. రెండు చేశారు, రెండూ యుద్ధం చూడలేదు. ఈ మాలెట్ అంటే నాకు వేరే కారణంతో గౌరవం. భూకంపాల శాస్త్రానికి సీస్మాలజీ అనే పేరు పెట్టింది ఈయనే. మోర్టార్ పనికిరాకపోయినా, ఆయన పేరు భూకంపాల్లో నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్లు మళ్లీ అదే 36 అంగుళాల సైజులో లిటిల్ డేవిడ్ అని ఒకటి చేశారు. అదీ పరీక్షల దగ్గరే ఆగిపోయింది. పెద్ద రోలు ఎవరికీ కలిసి రాలేదు.

ఇప్పుడు అసలు కథకు వస్తున్నాను. 1914.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొన్ని నెలలకే ఫ్రాన్స్‌లో ఇరువైపులా సైనికులు నేలలోకి దిగిపోయారు. కందకాలు, అంటే ట్రెంచ్‌లు. ఎదుటి కందకం కొన్నిచోట్ల వంద గజాల్లో. పొడుగు ఫిరంగి గుండు నెత్తి మీదుగా దూసుకుపోతుంది తప్ప కందకంలో పడదు. మట్టిగోడ మళ్లీ వచ్చింది చూడండి. ఈసారి తిరగేసి, నేలలోకి. జర్మన్లు ముందే తెలివి తెచ్చుకున్నారు. 1904లో రష్యా-జపాన్ యుద్ధంలో, పోర్ట్ ఆర్థర్ ముట్టడిలో, రష్యా అధికారి గోబ్యాతో నౌకల మీది చిన్న ఫిరంగికి కర్ర తగిలించిన బాంబు పెట్టి పైకి విసిరించాడు. అది గమనించి జర్మన్లు మీనెన్‌వెర్ఫర్ అనే కందకాల మోర్టార్లు సిద్ధం చేసుకున్నారు. బ్రిటన్‌వాళ్ల దగ్గర ఏమీ లేదు. మ్యూజియం సరుకు లాంటి పాత కూహోర్న్ మోర్టార్లను ఫ్రెంచివాళ్ల దగ్గర తెచ్చుకుని వాడారు. ఆ చలిలో ఫ్రాన్స్ వెళ్లిన మన భారత సైన్యంవాళ్లు కూడా దొరికిన గొట్టాలతో మోర్టార్లు, జామ్ డబ్బాలతో బాంబులు చేసుకున్నారు. ఆ పనితనం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క లైను కూడా లేకపోవడం నాకు చిరాకు.

అప్పుడు వచ్చాడు విల్‌ఫ్రెడ్ స్టోక్స్. సైనికుడు కాదు, ఫిరంగులు చేసేవాడూ కాదు. ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ అనే ఊళ్లో క్రేన్లు చేసే కంపెనీ నడిపే ఇంజనీరు. 1915 మొదట్లో ఆయన గీసిన బొమ్మ ఎంత తేలికంటే, మన ఆటోనగర్‌లో ఏ లేత్ మెషీన్ వాడికి చూపించినా రెండు రోజులు టైమ్ అడుగుతాడు, అంతే. ఒక నున్నని ఇనుప గొట్టం. అడుగున మూసి, లోపల నిలబెట్టిన ఒక మేకు లాంటి పిన్ను. కింద ఒక పళ్లెం, ముందు రెండు కాళ్లు. బాంబు తోకలో ఒక తుపాకీ తూటా, అందులో రవ్వలు ఉండవు, మందు మాత్రమే. బాంబును మూతి నుంచి జారవిడిస్తే అది తన బరువుతోనే పడి, తూటా పిన్నుకు తగిలి, పేలి, తనే పైకి వెళ్లిపోతుంది. ట్రిగ్గర్ లేదు, తాళ్లు లేవు. మన అడవి ఊళ్లలో బర్మారు తుపాకీ చూశారు కదా, మూతి నుంచి మందు దట్టించేది. ఇదీ మూతి నుంచి నింపేదే. కానీ బర్మారు ఒకసారి నింపడానికి పట్టే టైమ్‌లో దీంతో పదిసార్లు పేల్చొచ్చు. నిమిషానికి ఇరవై పైగా.

ఇంత మంచిదాన్ని సైన్యం మొదట వద్దంది. ఉన్న బాంబులు ఇందులో పట్టవని కారణం చెప్పింది. మందుగుండు మంత్రి లాయిడ్ జార్జ్ పట్టుబట్టాక ముందుకు కదిలింది. 1915 సెప్టెంబరులో లూస్ యుద్ధంలో మొదట పొగ బాంబులు వేయడానికి వాడారు. ఆ తర్వాత ఆగలేదు.

పళ్లెం దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. ఫిరంగి పేలితే వెనక్కి తంతుంది. ఆ తన్నును ఆపడానికి పెద్ద ఫిరంగులకు చక్రాలు, స్ప్రింగులు, నూనె సిలిండర్లు, టన్నుల బరువు. మోర్టార్ గొట్టం నిటారుగా ఉంటుంది కాబట్టి తన్ను నేలలోకి పోతుంది. భూమికంటే బరువైన ఫిరంగి బండి ఎక్కడ దొరుకుతుంది? అందుకే అది తేలిక. గుండు వేగం తక్కువ, గొట్టంలో ఒత్తిడి తక్కువ, కాబట్టి గొట్టం పలచన. బాంబు గోడ కూడా పలచన, లోపల మందు ఎక్కువ. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ ఆ నిటారు గొట్టం నుంచే వచ్చాయి.

అయితే నేల అన్నిచోట్లా ఒకటి కాదు. బావగారు ఇది చెప్పాలి.

(బావగారు లేచి: "ఎర్ర చెల్కల బేస్ ప్లేట్ పెడితే ఒకటి రెండు బాంబులకు కుదురుకుంటది. వాన పడ్డ రేగడిల పెడితే దిగుతనే ఉంటది. పళ్లెం దిగిందంటే గొట్టం కోణం మారినట్టే. బాంబు పడ్డకాడ యాభై మీటర్లు తేడా కొడతది. రాతి మీద పెడితే ఎగిరి పక్కకు దుంకుతది. ఇసుక బస్తాలు వేసుకోవాలె. మొదటి బాంబులతో పళ్లెం కుదరనిచ్చి, మళ్లీ గురి చూసుకుని, అప్పుడు అసలు పని.")

నా పారాబోలాలో రేగడి నేల లేదు. అదీ తేడా.

స్టోక్స్ బాంబుకు ఒక లోపం. రెక్కలు లేవు, గాల్లో పల్టీలు కొట్టుకుంటూ పోయేది. దూరం ఏడెనిమిది వందల మీటర్లు. దాన్ని బాగుచేసిన మనిషి ఎవరో వింటే ఆశ్చర్యపోతారు. ఎడ్గార్ బ్రాండ్ట్ అని పారిస్‌లో ఇనుప కళాకారుడు. గేట్లు, దీపాలు, తీగలు పూలు అల్లిన జాలీలు చేసేవాడు. పారిస్‌లో అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర 1923 నుంచి వెలుగుతున్న జ్యోతి చుట్టూ ఉన్న కంచు పని ఆయన చేతిదే. అదే మనిషి కన్నీటి చుక్క ఆకారంలో, తోకకు రెక్కలతో మోర్టార్ బాంబు చేశాడు. 1920ల చివర్లో వచ్చిన ఆయన 81 మిల్లీమీటర్ల మోర్టార్‌లో తేలిక బాంబు మూడు కిలోమీటర్ల దగ్గరికి పోయేది. గొట్టం స్టోక్స్‌ది, రెక్కలు బ్రాండ్ట్‌వి. ఇవాళ ప్రపంచంలో ఏ దేశపు మోర్టార్ తీసుకున్నా ఈ ఇద్దరి పోలిక కనిపిస్తుంది. అమరజ్యోతికి పళ్లెం చేసిన చెయ్యి, ఆ సమాధులను పెంచే బాంబునూ చెక్కింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఏమనాలో తోచదు.

రెండో ప్రపంచ యుద్ధం గురించి ఎక్కువ చెప్పను. అన్ని దేశాలూ బ్రాండ్ట్ నమూనానే తీసుకున్నాయి. రష్యావాళ్లు 82 మిల్లీమీటర్లు పెట్టుకున్నారు. 1938లో 120 మిల్లీమీటర్ల మోర్టార్ చేశారు. ఆరు కిలోమీటర్ల దాకా వేసేది, చక్రాల మీద లాక్కుపోవచ్చు. తమ మీద పడ్డ ఆ దెబ్బ రుచి చూశాక జర్మన్లు దాన్నే నకలు కొట్టుకున్నారు. జపాన్‌వాళ్ల 50 మిల్లీమీటర్ల చిన్నదానికి అమెరికన్లు 'మోకాలి మోర్టార్' అని పేరు పెట్టారు. దాని అడుగు పళ్లెం కొంచెం వంకర తిరిగి ఉంటుంది, తొడ మీద పెట్టుకోవడానికే అనుకున్నారు. అలాగే పెట్టి పేల్చిన కొందరికి తొడ ఎముక విరిగింది. నేల మీద పెట్టాల్సినదాన్ని తొడ మీద పెట్టారు. పేరు తప్పు పెడితే అంత పని జరుగుతుంది, విద్యార్థులు గుర్తుంచుకోండి.

మన సైన్యంలో 51, 81, 120 మిల్లీమీటర్ల మోర్టార్లు ఉన్నాయి. 81ది సుమారు నలభై కిలోలు. గొట్టం ఒకరు, కాళ్లు ఒకరు, పళ్లెం ఒకరు వీపున వేసుకుని కొండెక్కుతారు. ఐదు కిలోమీటర్ల దాకా వేస్తుంది. దాన్నే బండి మీద ఎక్కించిన రకాన్ని మన దగ్గరే, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో చేశారు. 1999 కార్గిల్‌లో మోర్టార్ల అవసరం ఎంతో అందరికీ తెలిసింది. శత్రువు కొండ కొనకు అవతలి వైపు కూర్చుంటే నేరుగా వచ్చే గుండుకు దొరకడు. గోడ ఈసారి కొండగా వచ్చింది.

బాంబు వెళ్లే దారి లెక్కకు అందేది కాబట్టి దాన్ని వెనక్కి కూడా లెక్కపెట్టొచ్చు. గాల్లో ఉన్న బాంబును రాడార్ కొన్ని క్షణాలు చూస్తే చాలు. ఆ వంపును వెనక్కి సాగదీసి, ఎక్కడి నుంచి లేచిందో చెప్పేస్తుంది. మన దేశంలో తయారైన స్వాతి రాడార్ పని ఇదే. గెలీలియో పాఠాన్ని తిరగేసి చదవడం. అందుకే ఇప్పుడు మోర్టార్‌వాళ్లు పేల్చగానే సామాను సర్దుకుని చోటు మారాలి. 2011లో అమెరికావాళ్లు ఆఫ్ఘనిస్తాన్‌లో జీపీఎస్‌తో దారి దిద్దుకునే 120 మిల్లీమీటర్ల బాంబులు వాడారు. ఉక్రెయిన్ యుద్ధంలో ఇంకో మెట్టు దాటారు. అసలు గొట్టమే వద్దని, రెక్కల బాంబును చిన్న డ్రోన్‌కు కట్టి నేరుగా నెత్తి మీద వదులుతున్నారు. రోలు పోయి రోకలి ఒక్కటే మిగిలింది.

ఇదంతా తెలివితేటల కథలా వినిపిస్తుందేమో, అది ఒక వైపు. ఇంకో వైపు కూడా చెప్పాలి. మోర్టార్ చవక. చిన్న వర్క్‌షాపులో చేసుకోవచ్చు, ఇద్దరు మోసుకుపోవచ్చు. అందుకే అది సైన్యాల దగ్గరే ఆగలేదు. 1994 ఫిబ్రవరి 5న, బోస్నియా యుద్ధంలో, సరయెవో నగరంలో మార్కెట్‌లో కూరగాయలు, సామాన్లు కొనుక్కుంటున్న జనం మధ్య ఒకే ఒక్క 120 మిల్లీమీటర్ల బాంబు పడింది. 68 మంది చనిపోయారు. చుట్టూ భవనాలే. నేరుగా వచ్చే గుండు ఏ గోడకో తగిలి ఆగేది. ఇది పైనుంచి వచ్చింది.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. ఏమైనా అడగాలంటే అడగండి.

(ఒక మేస్త్రీ: "సార్, లోపల బాంబు పేలకపోతే ఎట్ల తీస్తరు?")

మంచి ప్రశ్న. మిస్‌ఫైర్ అంటారు. ముందు కాసేపు ఆగాలి, తూటా ఆలస్యంగా పేలొచ్చు. తర్వాత గొట్టాన్ని పళ్లెం నుంచి విడదీసి, వెనక భాగం మెల్లగా పైకెత్తుతారు. బాంబు మూతి వైపు జారుతుంది. అక్కడ ఇంకొకడు రెండు చేతులూ మూతి చుట్టూ పెట్టి, బయటికి వచ్చే బాంబును పట్టుకోవాలి, మంత్రసాని బిడ్డను పట్టుకున్నట్టు. దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటి. యుద్ధం శబ్దంలో మొదటి బాంబు పేలలేదని గమనించకుండా రెండోది వేయడం. అప్పుడు ఎవరూ మిగలరు. అందుకే రష్యావాళ్లు తమ 120 మోర్టార్‌కు మూతి దగ్గర ఒక అడ్డు పెట్టారు. లోపల బాంబు ఉంటే ఇంకోటి పోనివ్వదు.

(ఎనిమిదో తరగతి అమ్మాయి: "సార్, బాంబు వచ్చేది ముందే వినబడుతుందా?")

చాలాసార్లు వినబడుతుందమ్మా. మోర్టార్ బాంబు మామూలుగా శబ్దం కంటే నెమ్మదిగా పోతుంది. ఇందాకటి లెక్కే తీసుకో, 70 డిగ్రీలు, 2,600 మీటర్లు. గొట్టం 'ధప్' అన్న శబ్దం నీ దగ్గరికి ఎనిమిది సెకన్లలో వస్తుంది. బాంబు అంత ఎత్తుకెక్కి దిగడానికి ముప్పై సెకన్ల పైనే పడుతుంది. చెవి అలవాటైన సైనికుడికి మధ్యలో ఇరవై సెకన్లకు పైగా దొరుకుతుంది. గుంటలో దూకడానికి చాలు. మార్కెట్ గోలలో ఆ ధప్ ఎవరికీ వినబడదు.

(అదే అమ్మాయి: "మరి వేసేవాళ్లకు ఎక్కడ పడిందో కనబడుతుందా?")

ఇది నేను చెప్పకూడదు. బావగారూ.

(బావగారు: "కనబడదు బిడ్డా. మేము కొండ ఇవతల ఉంటం. ముందు ఇంకొకడు ఉంటడు, వాడు చూసి రేడియోల చెప్తడు. కుడికి యాభై, వంద పెంచు, యాభై తగ్గించు. మేము చక్రం తిప్పి మళ్లీ వేస్తం. ఫైరింగ్ రేంజ్‌లో టార్గెట్ దగ్గరికి తోలుకపోయి చూపించిన్రు, రెండుసార్లు. ఒక గుంట, చుట్టూ కాలిన గడ్డి. మిగతా ఇరవై రెండేండ్లు నాకు వినొచ్చింది ఆ అంకెలే.")